కొర్రబయల్లో వలస పక్షులెవరు?

చలి ముదరగానే లంబసింగికి జనం పోటెత్తుతారు. ఎండ ముదరగానే మాయమైపోతారు. ఏడాది పొడవునా ఆ కొండల్లోనే బతికే మనిషికి మాత్రం ‘నిలకడ లేనివాడు’ అన్న ముద్ర. అసలు వలస పక్షి అంటే ఏమిటి? ఆ పేరు ఎవరికి నప్పుతుంది?

తెల్లవారుజామున నాలుగున్నర. నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కిన కార్ల వరసకు అంతు కనిపించదు. మంచులో హెడ్‌లైట్లు పసుపు ముద్దల్లా కదులుతుంటాయి. లంబసింగి కూడలికి రాగానే ఒక్కొక్కరే దిగుతారు. స్వెట్టర్ మీద స్వెట్టర్, చెవులకు మఫ్లర్, చేతిలో పొగలుగక్కే టీ గ్లాసు. నోట్లోంచి ఆవిరి రావడం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. ‘ఇవాళ సున్నానా, ఒకటా?’ అని టీ కొట్టతన్ని అడుగుతారు పెద్దలు. అతని దగ్గర థర్మామీటరు ఉండదు. అయినా అంత దూరం నుంచి వచ్చినవాళ్ల మొహం చూసి ఎంతో కొంత తగ్గించే చెబుతాడు!

డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు ఇక్కడ ఇదే తంతు. దారి పొడవునా చలిమంటలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, బొంగు చికెన్. తాజంగి జలాశయం పక్కన గుడారాలు. పొద్దెక్కి మంచు విడగానే స్ట్రాబెర్రీ తోటల్లో, వలిసె పూల చేలల్లో ఫొటోల సందడి. ఆదివారం సాయంత్రానికి అందరూ కొండ దిగుతారు. ఫిబ్రవరి దాటిందా, మళ్లీ పలకరించే దిక్కుండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ రోడ్డుకి కాస్త పక్కగా, గెడ్డలో రాయి మీద ఇంకో అతిథి దిగి ఉంటుంది. పిచ్చుకంత పిట్ట. వీపు బూడిద రంగు, పొట్ట కింద పసుపు. క్షణం కూడా తోక నిలపదు. ఆడిస్తూనే ఉంటుంది. కాటుక పిట్టల జాతిది. వేసవిలో హిమాలయాల్లోనో, అంతకంటే పైన మధ్య ఆసియా, సైబీరియా కొండ వాగుల పక్కనో గూడు కట్టుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో దక్షిణాదికి దిగుతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి బయలుదేరుతుంది. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన ఆ పిట్టను కెమెరాలు పట్టుకుని తిరిగే అంతమందిలో ఎవరూ చూడరు. అంత చిన్నదీ అంత మామూలుగా కనిపించేదీ మరి.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని చిన్న ఊరు. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చుట్టూ కొండలు, మధ్యన పళ్లెంలాంటి నేల. రాత్రి చల్లబడిన గాలి కొండల మీంచి జారి ఆ పళ్లెంలో నిలిచిపోతుంది. అందుకే మైదానం కంటే అంత చలి. దీనికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందంటారు. పర్యాటకులకి ఆ మాట సరదా కథ. పల్చటి దుప్పటితో కొండ మీద పాకలో పడుకునేవాళ్లకి కథ కాదు.

పేరు ఒకరిది, మోత మరొకరిది

పత్రికల్లో, టీవీల్లో ‘వలస పక్షులు’ అనే మాట ఎంతమందికి వాడేశామో లెక్కలేదు. పొట్ట చేత పట్టుకుని ముంబై వెళ్లిన పాలమూరు కూలీ వలస పక్షే. చెన్నైలో ఇటుకలు మోసే శ్రీకాకుళం మనిషీ వలస పక్షే. ఎన్నికల ముందు పార్టీ మారే నాయకుడికీ అదే పేరు. కొండ మీద ఒక వాలు వదిలి ఇంకో వాలుకి మారే గిరిజనుడికి అయితే మరీను. ‘స్థిర నివాసం లేనివారు’ అని కాగితం భాషలో రాసినా, ‘ఇవాళ ఇక్కడ, రేపెక్కడో’ అని వాడుక భాషలో అన్నా అర్థం ఒకటే.

ఆ పోలికలో పొరపాటు మనుషుల దగ్గర కంటే ముందు పక్షి దగ్గరే ఉంది. వలస పక్షి దిక్కులేకుండా తిరిగేది కాదు. దానికి రెండు ఇళ్లుంటాయి. గూడు కట్టే చోటు ఒకటి, చలికాలం గడిపే చోటు ఒకటి. రెండిటి మధ్యా దారి ఉంటుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో పక్షుల కాళ్లకు రింగులు తొడిగి వలసలను ఆరా తీసే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలోనూ బయటా సాగిన ఇలాంటి పరిశీలనల్లో మళ్లీ మళ్లీ బయటపడిన సంగతి ఏమిటంటే, చాలా పక్షులు కిందటేడు వచ్చిన చోటుకే వస్తాయి. తోకాడించే ఆ చిన్న పిట్టలు కూడా అంతే. ఊరు ఒకటే కాదు, గెడ్డ కూడా అదే కావచ్చు. నిలకడ అంటే ఒక్కచోటే పాతుకుపోవడమే అయితే వాటికి లేదు. తన చోటు తనకు తెలియడమే అయితే వాటిని మించినవాళ్లు లేరు.

ఇంకో తమాషా ఉంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం పేరు వినని పక్షి ప్రేమికులుండరు. ఏటా చలికాలంలో ఊళ్లోని చింతచెట్ల నిండా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కడతాయి. వాటి రాకను ఊరివాళ్లు శుభంగా తలుస్తారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. రాళ్లు రువ్వరు, టపాకాయలు కాల్చరు. జిల్లా అంతా వాటిని పిలిచే పేరు ‘సైబీరియా పక్షులు’. పిల్లల పాఠాల్లో, బస్టాండు బోర్డుల్లో, ఆఖరికి వార్తల్లో కూడా అదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. గూడబాతు సైబీరియా మొహం చూసి ఎరగదు. అది దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. నీళ్లూ చేపలూ దొరికేచోట గూడు కట్టి పిల్లల్ని పెంచి, అవి ఎగరగలిగాక ఈ దేశంలోనే వేరే చెరువులకు సర్దుకుంటుంది. అంటే తేలినీలాపురంలో పుట్టిన పిల్ల అచ్చంగా సిక్కోలు పిల్లే. దానికేమో పరదేశి పేరు. సైబీరియా దాకా బంధుత్వమున్న కాటుక పిట్టేమో ఊరి పిచ్చుకలా గెడ్డలో తిరుగుతుంటే ఎవరూ గుర్తుపట్టరు.

లంబసింగి చుట్టుపక్కల కొండ మీది మనుషుల కథలోనూ ఈ తారుమారే ఉంది.

పోడు అంటే పారిపోవడం కాదు

చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లో భగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు, కొండ కమ్మరులు ఉంటారు. రోడ్డుకీ సంతకీ దగ్గరగా, పల్లపు భూముల్లో వరి పండించుకునేవాళ్లు కొందరు. కోందుల గూడేలు మాత్రం చాలావరకు పైన, కొండ కొమ్ముల్లో ఉంటాయి. పది, పదిహేను ఇళ్లు ఉంటే అదే పెద్ద ఊరు. సామంతలు అని కూడా పిలుస్తారు వీళ్లని. ఇంట్లో మాట్లాడేది కువి భాష. ప్రభుత్వ జాబితాలో ‘ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహం’. ఈ తరహా గుర్తింపు 1975లో మొదలైంది. అప్పటి పేరు ‘ఆదిమ గిరిజన సమూహం’. ‘ఆదిమ’ అన్న మాట బాగాలేదని 2006లో మార్చారు.

వీళ్ల వ్యవసాయం పోడు. చలికాలం చివర్లో కొండవాలులో చెట్లూ పొదలూ నరికి ఎండబెడతారు. వానలకు ముందు నిప్పు పెడతారు. బూడిదే ఎరువు. తొలకరి పడగానే చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, జొన్నలు కలిపి చల్లుతారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. నాగలి అక్కర్లేదు. ఆ ఏటవాలులో ఎడ్లు నిలబడనూ లేవు. రెండు మూడేళ్లు పండాక నేల సారం తగ్గుతుంది. అప్పుడు ఆ వాలుని వదిలి పక్క వాలుకి వెళతారు. ఒక్కోసారి పొలంతోపాటు పాకలూ కదులుతాయి.

చూసేవాళ్లకి ఇది వదిలేసి పోవడంలా కనిపిస్తుంది. చేసేవాళ్లకి కాదు. వదిలిన వాలులో మోళ్లు చిగురిస్తాయి. విత్తనాలు మొలుస్తాయి. పదేళ్లో పన్నెండేళ్లో గడిస్తే అడవి తిరిగి లేస్తుంది. అప్పుడు ఆ కుటుంబం మళ్లీ అక్కడికే వస్తుంది. ఏ వాలు ఎవరి తాతది, ఏ చెట్టు నరక్కూడదు, ఏ బండ దగ్గర దేవుడున్నాడు అనే లెక్క గూడెంలో అందరికీ తెలుసు. గీత గీస్తే అది పారిపోయిన దారి కాదు, పెద్ద గుండ్రం. గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ కూడా 1945లో వచ్చిన తన పుస్తకంలో పోడు బతుకు గురించి వివరంగా రాశాడు.

పోడు వల్ల నష్టం లేదని కాదు. గుండ్రం పెద్దగా ఉన్నంతకాలమే అది అడవికి మంచిది. తిరిగొచ్చే గడువు పన్నెండేళ్ల నుంచి నాలుగేళ్లకూ మూడేళ్లకూ పడిపోతే అడవి లేవదు. వానకు మట్టి కొట్టుకుపోతుంది. అలా బోడులైన కొండలు ఏజెన్సీలో కళ్లెదుటే ఉన్నాయి. అయితే గడువు దానంతటదే తగ్గలేదు. తిరగడానికి ఉన్న చోటు తగ్గింది.

రోడ్డు వచ్చింది, రిజర్వాయరు వచ్చింది

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు సర్కారు రిజర్వు అడవులయ్యాయి. తాతల నాటి వాలులో నిప్పు పెడితే నేరం. తర్వాత ఘాట్ రోడ్డు. ఇవాళ పర్యాటకుల కార్లు ఎక్కే నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి దారికి ఓ చేదు జ్ఞాపకం ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసిన బాస్టియన్ ఈ రోడ్డు పనికి కొండవాళ్లను బలవంతంగా తోలించి, కూలి సరిగా ఇవ్వకుండా వేధించాడు. అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకి దారితీసిన కారణాల్లో చరిత్రకారులు దీన్ని ముందు వరసలో చెబుతారు. 1922 ఆగస్టు 22న మొదటి దాడి జరిగింది చింతపల్లి పోలీసుస్టేషను మీదే. కాలిబాటల్లో తమ గుండ్రం తాము తిరిగే మనుషుల చేత, తమకు అక్కర్లేని దారి వేయించారు. వాళ్ల పోడు ఆపారు. ఆ పైన వాళ్లకే నిలకడ లేదన్నారు.

తర్వాత కరెంటు వంతు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు 1955లో పనిచేయడం మొదలుపెట్టింది. జలాపుట్ రిజర్వాయరు కింద దాదాపు 3 వేల కుటుంబాలు ఊళ్లు పోగొట్టుకున్నాయి. వాటిలో సగం దాకా గిరిజనులవే. పునరావాసం దక్కింది కొద్దిమందికే. మిగతావాళ్లు కొండలు పట్టుకుని పైకి జరిగారు. ఆ తర్వాత అదే నది మీద, కిందికి వచ్చేసరికి సీలేరు అని పిలిచే ఆ నీళ్ల మీదే మరికొన్ని ప్రాజెక్టులు లేచాయి. బలిమెల రిజర్వాయరు నీళ్ల మధ్య చిక్కుకున్న ఒడిశా గ్రామాలకు వంతెన పడింది 2018లో. అన్నాళ్లూ పడవే గతి. ఊరు మునిగినవాడు పక్క కొండెక్కితే, అక్కడి అధికారికి అతను ‘ఎక్కడి నుంచో వచ్చినవాడు’ అయ్యాడు.

‘ఎక్కడి నుంచో’ అంటే ఒడిశా నుంచి అని అర్థం. కోందుల అసలు నెలవు ఒడిశా కొండలేననీ, కొన్ని తరాలుగా కోరాపుట్ వైపు నుంచి ఇటు దిగుతున్నారనీ అంటారు. నిజమే. కాకపోతే ఒక తేదీ మరిచిపోతుంటాం. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. ఆ రోజు దాకా కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం సంస్థానం కూడా అందులోదే. 1930లో ఒక కోందు కుటుంబం ఆ కొండ నుంచి ఈ కొండకి వస్తే, ఒకే జిల్లాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడమే. ఆరేళ్ల తర్వాత వాళ్ల వెనక ఒక సరిహద్దు గీత వచ్చి పడింది. మనుషులు గీత దాటలేదు. గీతే మనుషుల్ని దాటుకుంటూ పోయింది.

రంగం వెళ్లినవాళ్లు

తిరుగుడు కొండవాళ్లకే సొంతమని మైదానంవాళ్లు అనుకుంటే అది మతిమరుపే. ఇదే విశాఖ, శ్రీకాకుళం, గోదావరి తీరాల నుంచి లక్షల మంది రంగం వెళ్లారు. రంగం అంటే రంగూన్. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి, బియ్యం మిల్లుల్లో, ఓడరేవు పనుల్లో, కోతల్లో రెండు మూడేళ్లు కష్టపడి తిరిగొచ్చేవారు. డబ్బు అయిపోగానే మళ్లీ ఎక్కేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మన కూలీలకి ‘కోరంగీలు’ అని పేరు పెట్టారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక వేలమంది అడవులగుండా కాలినడకన వచ్చేశారు. మిగిలినవాళ్లలో చాలామంది 1960లలో సైనిక ప్రభుత్వం వచ్చాక కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ కథకి గుర్తు.

పక్షి పోలిక అతికేది నిజానికి వీళ్లకే. రుతువు, రేవు, తెలిసిన దారి, తిరిగి రావడం అన్నీ ఉన్నాయి. మరి వీళ్ల పేర రేషన్ కార్డులూ పట్టాలూ రావడానికి ‘మీరు నిలకడ లేనివాళ్లు’ అన్న అడ్డు రాలేదు. ఎందుకంటే వీళ్లకి మైదానంలో ఒక ఊరుంది. ఊరికి పేరుంది. పేరు కరణం దస్తరంలో ఉంది. కొండవాడి ఊరు అతని బుర్రలో ఉంది.

ఒక తేదీ, ఒక వాలు

ఆ బుర్రలో ఉన్నదాన్ని కాగితం మీదికి తెచ్చే ప్రయత్నమే 2006 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టం. చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే ఈ చట్టమని పీఠికలోనే ఒప్పుకున్నారు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ అడవి భూమిలో సాగు చేసుకుంటున్న గిరిజనుడికి హక్కు పత్రం ఇవ్వాలి. రుజువుకి కాగితమే అక్కర్లేదు. ఊరి పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది. పాత బావి, శ్మశానం, దేవుడి గుడి కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. ఇంతకంటే మంచి చట్టం కొండవాళ్ల కోసం రాలేదనే చెప్పాలి.

చిక్కంతా ఒక్క మాట దగ్గర. హక్కు ఆ రోజుకి ‘వాస్తవంగా అధీనంలో ఉన్న’ భూమికే. అదీ 4 హెక్టార్లకు మించకుండా. పోడు చేసే కుటుంబానికి గుండ్రంలో అయిదారు వాలులుంటే, ఆ ఏడు సాగులో ఉండేది ఒకటే. తక్కినవి అడవి లేవాలని వదిలిన భూములు. కొలతకొచ్చిన ఉద్యోగి కళ్లకి అక్కడ కనిపించేది చెట్లూ పొదలూ. చెట్లుంటే అది అడవి. అడవి అయితే అది నీది కాదు. అంటే నేలకి విశ్రాంతి ఇచ్చిన రైతు ఆ నేలను పోగొట్టుకున్నాడు. విశ్రాంతి ఇవ్వకుండా ప్రతి వాలునూ ఒకేసారి గోకేసినవాడికి ఎక్కువ వచ్చి ఉండేది. చలికాలంలో గెడ్డ దగ్గరికి వెళ్లి, ఆ రోజుకి పిట్ట అక్కడుంది కాబట్టి దాని ఇల్లు ఇదొక్కటే, హిమాలయాల్లోని గూడు దానిది కాదు అని తీర్పు చెప్పడం లాంటిదిది.

చట్టంలోనే దీనికి మందుంది. బలహీన గిరిజన సమూహాలకు ‘ఆవాస హక్కు’ అని వేరే హక్కు రాశారు. ఒక చెక్క కాకుండా, తరతరాలుగా వాళ్లు తిరిగే ప్రాంతమంతటి మీదా సమష్టిగా దక్కే హక్కు అది. సంచార జాతులు రుతువుని బట్టి అడవిలోకి వచ్చిపోయే హక్కు కూడా ఉంది. ఆవాస హక్కు దేశంలో మొదట పొందింది మధ్యప్రదేశ్ దిండోరి జిల్లాలోని బైగాలు. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా దేశం మొత్తం మీద ఈ హక్కు అందుకున్న తెగలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పట్టా ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఊరు కాగితంలో లేకపోతే దారి రాదు, స్కూలు రాదు, కరెంటు తీగ రాదు. నిండు చూలాలిని డోలీలో మోసుకుని కొండ దించిన వార్తలు విశాఖ మన్యం నుంచి ఎన్ని రాలేదు? బలహీన గిరిజన సమూహాల కోసం కేంద్రం 2023 నవంబరులో మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకంలో రోడ్లకి డబ్బుంది. కాకపోతే 100 మందికి పైగా ఉన్న ఆవాసాలకి ఆ రోడ్డు. పది ఇళ్ల గూడెంలో వందమందిని ఎక్కడి నుంచి తేవాలి?

డేగకు ట్రాన్స్‌మీటర్, మనిషికి సర్టిఫికెట్

2013 నవంబరులో నాగాలాండ్‌లో మూడు అముర్ డేగలకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కట్టారు. నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. తూర్పు ఆసియాలో గూళ్లు పెట్టే ఈ డేగలు ఈశాన్య రాష్ట్రాల్లో ఆగి, భారత ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళతాయి. ఆ మూడూ ఏ రోజు ఎక్కడున్నాయో ప్రపంచమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని చూసింది. అంతకు ముందేడు, 2012లో, అవే డేగల్ని వలల్లో పట్టి వేలకు వేలు చంపిన పాంగ్తి ఊరివాళ్లే తర్వాత కాపలాదారులయ్యారు. మెచ్చుకోవాల్సిన కథ. పాస్‌పోర్టు లేకుండా అన్ని దేశాలు తిరిగే డేగని అందరూ తమదే అన్నారు.

మనిషికి ఆ వీలు లేదు. ఒక రాష్ట్రంలో గిరిజనుడైనవాడు గీత దాటి పక్క రాష్ట్రానికి వెళితే గిరిజనుడు కాకుండా పోవచ్చు. 1990లో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో పిటిషనరు మనవాడే. ఆంధ్రలో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న గౌడు తెగకు చెందిన మర్రి చంద్రశేఖరరావు, తండ్రి ఉద్యోగరీత్యా ముంబై వెళ్లి, అక్కడ మెడికల్ సీటుకు గిరిజన కోటాలో దరఖాస్తు చేశాడు. మహారాష్ట్రలో ఆ హోదా చెల్లదని కోర్టు చెప్పింది. ఒక చోట వెనుకబాటు ఇంకో చోట ఉండకపోవచ్చన్నది వాదన. ఉద్యోగం మీద వెళ్లిన కుటుంబానికి ఆ వాదన సరిపోవచ్చునేమో.

ప్రాణభయంతో వచ్చినవాళ్ల సంగతో? 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి వేల కుటుంబాలు ఇటు అడవుల్లోకి దిగాయి. ఖమ్మం, వరంగల్ అడవుల్లో, 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, వీఆర్ పురం మండలాల్లో గూడేలు కట్టుకున్నాయి. ఇక్కడ అందరూ గుత్తికోయలంటారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం ఏర్పాటును చట్టవిరుద్ధమంది. వాళ్లు వదిలొచ్చిన ఊళ్లకి మాత్రం ఆ తీర్పుతో ప్రాణం రాలేదు. అక్కడ గిరిజనులు, ఇక్కడ ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు. అటవీ హక్కుల తేదీ 2005 డిసెంబరు, వీళ్లు దిగడం మొదలైంది కూడా ఆ ఏడే. ఏ రుజువు చూపగలరు?

లెక్క విషయానికొస్తే ఆసియా దేశాల్లో నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఉత్సాహవంతులు బైనాక్యులర్లు పట్టుకుని చెరువు చెరువుకీ వెళతారు. మనుషుల లెక్క మన దేశంలో చివరిసారి పూర్తయింది 2011లో. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. తర్వాతి గణనకు 2027ను ఖరారు చేశారు. ఈ మధ్యలో కొండ మీద ఎన్ని గూడేలు లేచాయో, ఎన్ని ఖాళీ అయ్యాయో ఆ కొండకే తెలియాలి.

కాఫీ కట్టిన ముడి

ఇన్ని చట్టాలు చేయలేని పని ఒక మొక్క కొంతవరకు చేసింది. విశాఖ మన్యంలో 1960ల నుంచి కాఫీ తోటలు పెరిగాయి. తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థలు పోడు మాన్పించేందుకు కాఫీ మొక్కల్ని ఊరూరా పంచాయి. కాఫీకి నీడ కావాలి. అందుకని చెట్లు నరకడం పోయి సిల్వర్ ఓక్ నాటడం వచ్చింది. ఆ చెట్లకి మిరియాల తీగ పాకింది. మొక్క నాటాక కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి. కాపుకొచ్చాక ఏళ్ల తరబడి కాస్తుంది. రెండేళ్లకోసారి వాలు మార్చే మనిషిని కట్టిపడేయడానికి ఇంతకంటే మెత్తని తాడు ఉండదు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజకి చిరునామా దొరికిందన్నమాట! దాన్ని కోసే చేతుల్లో అందరికీ ఇంకా దొరకలేదు.

కాఫీ వచ్చాక చోళ్లూ సామలూ తగ్గాయన్న బెంగ కూడా లేకపోలేదు. ధర పడిపోయిన ఏడు కాఫీ పండు తిని బతకలేరు కదా. అందుకే చాలా కుటుంబాలు తోట ఒక పక్క పెట్టుకుని, ఇంకో పక్క చిన్న పోడు చెక్క వదలకుండా ఉంచుకుంటాయి.

పండ్లు ఎర్రబడి కోతకొచ్చేది సరిగ్గా నవంబరు నుంచి జనవరి దాకా. కూడలిలో పర్యాటకులు మంచుని సెల్‌ఫోన్లలో పట్టుకునే వేళకి, పై కొండల్లో ఆడవాళ్లు తడి కొమ్మలు వంచి పండ్లు కోస్తుంటారు. ఫిబ్రవరి వచ్చేసరికి గుడారాలు మడతపెట్టేస్తారు. మార్చిలో గెడ్డలోని పిట్ట ఒక పొద్దున కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఉరిమి, ఒక్క జల్లు పడుతుంది. కొద్ది రోజుల్లోనే కాఫీ తోటలన్నీ తెల్లగా పూస్తాయి. మల్లెపూల వాసన. ఆ పూత నిలిచేది మూడు నాలుగు రోజులే. చూడటానికి అప్పటికి కొండ మీద బయటివాళ్లెవరూ ఉండరు. పాదుల మధ్య నిలబడి, ఏ కొమ్మకి ఎంత పూత వచ్చింది, ఈసారి ఎన్ని బస్తాలు దిగొచ్చని లెక్క చూసుకునే గూడెంవాళ్లు తప్ప.